నేను లండన్‌లో చిక్కుకున్న మంగళవారం

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు నేను లండన్‌లో పర్సు పోగొట్టుకుని ఏడుస్తున్నానని మావాళ్లందరికీ తెలిసింది. నాకొక్కదానికే తెలియలేదు. ఆ సమయానికి నేను ఉప్పల్‌లో, మా గల్లీ చివరి పిండి గిర్నీలో జొన్నలు పట్టిస్తున్నాను. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. తెలంగాణ ఇంకా రాలేదు.

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆమెది కాకినాడ వైపు, ఏఎస్ రావు నగర్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. గిర్నీ రొదలో ఆమె నోరు కదలడమే కనిపించింది. గిర్నీ అతను మోటారు ఆపాడు.

“పిన్నిగారూ, మీరు లండన్‌లో లేరా?”

“ఎవరు జెప్పిన్రు?”

“మీరే చెప్పారండీ! మెయిల్ పెట్టారు. హోటల్లో పర్సు కొట్టేశారట, పాస్‌పోర్టు పోయిందట, వెంటనే డబ్బు పంపమన్నారు.”

“రేషన్ కార్డుకే ఏడాది తిరిగిన. పాస్‌పోర్టు యాడిది బిడ్డా నాకు?”

గిర్నీ అతను గోడకు ఒరిగి నవ్వాడు. “అక్కా, అక్కడ జొన్నలు పట్టేటోళ్లు లేరని వాపస్ వచ్చినవా?”

నాకూ నవ్వు ఆగలేదు. డబ్బాలో పిండి ఎగిరి నెత్తిన పడేదాకా నవ్వాను. అప్పుడు ఆ అమ్మాయి ఇంకో మాట అంది. ఆ మెయిలు నాకు తెలిసినవాళ్లందరికీ వెళ్లిందట. అంటే నాచారంలో మా మేనకోడలికి, ఆ పిల్ల చదివి వినిపిస్తే మా అన్నకు కూడా.

నవ్వు అక్కడ ఆగింది. అన్న కంట్లో పొర పెరిగింది, శుక్రవారం ఆపరేషన్. దానికని దాచుకున్న డబ్బు బీరువాలో ఉంది. నేను పరాయి దేశంలో ఏడుస్తున్నానంటే కన్ను సంగతి చూసుకునే మనిషి కాదు. ఆయనకు సెల్లు లేదు. ఆ అమ్మాయి సెల్లు నుంచి చేస్తే వాళ్లింట్లో ఫోను మోగుతోంది కానీ ఎత్తేవాళ్లు లేరు. వాళ్లు నాకు చేద్దామన్నా నా సెల్లు మా ఇంట్లో మంచం మీద ఉంది. పిండి డబ్బా అక్కడే వదిలేసి ఇద్దరం ఆటో ఎక్కాం.

ఆటో కదలగానే ఆ అమ్మాయి తన సెల్లు తీసింది. “పాస్‌వర్డ్ చెప్పండి, ఇప్పుడే మార్చేస్తాను.”

“చెప్పరాదు.”

“దాపరికాలకి ఇదా సమయం?”

“చెప్పరాదంటే చెప్పరాదు.”

“అమ్మా, నేను చెవులు మూస్కుంట,” అన్నాడు ఆటో అతను, “గని హ్యాండిల్ ఎవరు వట్టుకోవాలె?”

చెవుల సంగతి కాదు. నా పాస్‌వర్డ్ మా ఇంటాయన పేరు. మా ఇళ్లలో ఆడవాళ్లం ఆ పేరు పలకం. పెళ్లయి అత్తగారింటికి వచ్చిన రోజు ఆడబిడ్డలు గడపకడ్డం నిలబడి చెప్పిస్తే ఒక్కసారి చెప్పాను. దవాఖానాలో చీటీ రాయించడానికి కూడా పక్కవాళ్లతో చెప్పించేదాన్ని. మా అన్నకు నన్ను ఆటపట్టించాలంటే ఇదొక్కటే పని: ‘బావ పేరేంది చెల్లె?’ అని అడగడం, నేను కొంగు నోట్లో కుక్కుకోవడం.

నాకు యాభై దాటాక అక్షరాలొచ్చాయి. మొదట గుట్టుగా రాసుకున్నది ఆ పేరే. అనకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు. మెయిలు తెరిచినప్పుడు పాస్‌వర్డ్ పెట్టుకోమంటే అదే పెట్టాను. ఇన్నేళ్లుగా నా నోట్లోంచి ఎవరూ రాబట్టలేని మాటను ఏ దొంగ రాబడతాడు?

ఆ అమ్మాయి సెల్లు నా చేతికిచ్చింది. నేనే కొట్టాలని కూర్చున్నాను. ఆ చిన్న అక్షరాల మీద నా వేలు, ఆ తవ్విన రోడ్డు మీద ఆటో. గుంతలో పడ్డప్పుడల్లా మా ఇంటాయన పేరు ఇంకెవరి పేరో అయ్యేది. ఒకసారైతే మా గిర్నీ అతని పేరయింది. నాకు మళ్లీ నవ్వు. ఆ అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

నాచారంలో వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి నోరు తెరిచింది. “నువ్వీడున్నవా! మీ అన్న నీ కోసమే పైసలు వట్టుకొని చౌరస్తాల నెట్ సెంటర్‌కు పోయిండు!”

ముగ్గురం అటు పరుగెత్తాం. నెట్ సెంటర్ తలుపు దగ్గరికి వచ్చేసరికి అన్న గొంతు వినిపించింది. ఒళ్లో డబ్బు సంచి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మా మేనకోడలు కంప్యూటర్ ముందుంది. అవతల నా పేరుతో ఉన్న దొంగ రాస్తున్నాడు, ఈ పిల్ల చదివి వినిపిస్తోంది.

“పైసలు ఎప్పుడు పంపుతారని అడుగుతుంది నాన్నా.”

“పంపుతం గని, పాపం మస్తు ఏడుస్తున్నట్టుంది. మీ మామ పేరేందో చెప్పమను. జర నవ్వుతది.”

పిల్ల కొట్టింది. మేమింకా గడప దాటనేలేదు. జవాబు వచ్చింది. పిల్ల గట్టిగా చదివింది, మా ఇంటాయన పేరు, పూర్తి పేరు.

దొంగకు మా ఇంటి గురించి తెలిసిన పేరు అదొక్కటే. అదే పడేశాడు.

అన్న కుర్చీలోంచి లేచాడు. “ఆపు! పంపకు! వంద లండన్లల్ల చిక్కినా నా చెల్లె ఆ పేరు చెప్పది. వీడెవడో లంగ, దొంగ!”

అప్పుడే వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నెత్తి నుంచి పాదాల దాకా జొన్నపిండితో ఉన్నాను. అన్న ఆ పొర కమ్మిన కన్ను నలుపుకున్నాడు. “అరె! లండన్ పోతే తెల్లగైతరంటే అబద్ధమనుకున్న!”

“కన్నుకు దాచిన పైసలు దొంగకిస్తవా, గుడ్డోడా?”

“గుడ్డోడినే గద! అందుకే ఆపరేషను!”

నెట్ సెంటరంతా నవ్వింది. నవ్వు తగ్గాక మేనకోడలు అడిగింది. “అత్తమ్మా, వాడికి మామ పేరెట్ల తెలిసింది?”

అందరూ నా వైపు చూశారు. చెప్పక తప్పలేదు. అన్న బల్ల పట్టుకుని నవ్వితే సంచి జారి కింద పడింది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నేను వాడే బ్రౌజరు పాతదని ఎన్నోసార్లు చెప్పింది. దాన్ని చేసినవాళ్లే దాని చిల్లులు పూడ్చడం మానేశారని, ఏ పేజీ తెరిచినా లోపలికి చెయ్యి పెట్టొచ్చని చెప్పింది. నేను వినలేదు. ఏ బొత్తం ఎక్కడుందో ఆరు నెలలు తడిమి నేర్చుకున్నాను, కొత్తది పెట్టి నన్ను మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టొద్దన్నాను. ఆ మధ్య కళ్లు కదిలించే అమ్మవారి బొమ్మల పేజీ ఒకటి తెరిచాను. ఓకే నొక్కమంది, నొక్కాను. భక్తి కదా అనుకున్నాను.

“అలాంటి పేజీలోంచే దొంగ ప్రోగ్రామ్ వచ్చుంటుందండీ,” అంది. “లోపల కూర్చుని మీరు నొక్కే ప్రతి అక్షరం చూసుంటుంది. నోటితో చెప్పలేదు గానీ, వేళ్లతో రోజూ చెప్పారు పిన్నిగారూ.”

నా వేళ్లకంటిన పిండి కొంగుకు తుడుచుకున్నాను.

పాస్‌వర్డ్ మారుద్దామని ఎదుటి కంప్యూటర్ మీద చెయ్యి వేశాను. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది. “ఇక్కడొద్దు! ఇదీ మీదాని లాంటి పాతదే!” నెట్ సెంటర్ యజమాని మొహం చూడాలి. కదలని బల్ల మీద ఆమె సెల్లు పెట్టి, అందరినీ అటు తిరగమని, నేనే మార్చాను. కొత్త మాట ఎవరి పేరూ కాదు. సాయంత్రానికి ఇంట్లో పాత బ్రౌజరు పోయి కొత్తది వచ్చింది. బొత్తాలన్నీ తారుమారు. రెండు వారాలు తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

శుక్రవారం అన్న ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పగానే నన్ను చూసి, “నల్లగనే ఉన్నవు, ఇండియాలనే ఉన్నవు,” అన్నాడు.

ఆ మంగళవారం నాచారం నెట్ సెంటర్‌లో ఉన్నది మా అన్న, వదిన, మేనకోడలు, మేడ మీద అమ్మాయి, సెంటర్ యజమాని, కిరాయి కోసం వచ్చి నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయిన ఆటో అతను, ఇంకా పిండి దులుపుకుంటున్న నేను. లండన్‌లో మాత్రం ఎవరమూ లేం.