పక్క జిల్లా పానకం

మా వియ్యంకుడిది హైదరాబాదు. పెళ్లినాటి నుంచీ ఆయనది ఒకటే పాట: "మీ బెజవాడలో చూడ్డానికేముందండీ బావగారూ, ఎండ తప్ప!" నేను బడికి వెళ్లింది తక్కువే గాని, లైబ్రరీలో చరిత్ర పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి. ఒళ్లు మండేది. ఆయన నోట మా ఊరికి ఒక్క మెచ్చుకోలు రాబట్టాలని పంతం పట్టాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక చలికాలం ఆయన వచ్చినప్పుడు ఆటో మాట్లాడాను. ఎక్కేముందు మా కోడలు, అంటే ఆయన కూతురు, వాకిట్లోకొచ్చి, "మామయ్యగారూ, నాన్నకి షుగరు. తీపి ముట్టనివ్వకండి" అని మరీ మరీ చెప్పింది.

కృష్ణ మీద బ్యారేజీ దాటి ఉండవల్లి చేరాం. కొండను తొలిచిన గుహల్లో, ఒకే రాతిలో పడుకున్న అనంతశయనుడు. నేను వాటిని తొలిపించిన విష్ణుకుండిన రాజుల దగ్గర మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే, ఆయన స్తంభం మీది గీతలు చదువుతున్నారు.

"రాజుగారి చేతిరాత బానే ఉందండీ. ఐ లవ్ యూ అన్నారు. పట్టపురాణికేనా?"

గీకిన వెధవలు దొరికితే అదే స్తంభానికి కట్టేసేవాణ్ణి. రాసింది వాళ్లు, మాట పడింది నేను!

"పదండి మంగళగిరి" అన్నాను. అక్కడ కొండమీది నరసింహస్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తారు. గుటక వేసినట్టు చప్పుడవుతుంది. స్వామి సగమే తాగి, మిగతా సగం భక్తుడికి వదిలేస్తాడంటారు. ఆ చప్పుడు వినేసరికి బావగారి ఎకసెక్కాలు ఆగిపోయాయి. ప్రసాదం చేతికి రాగానే చెంబు ఎత్తేశారు.

"అయ్యయ్యో, షుగరండీ!"

"సగం స్వామివారు తాగేశారుగా. ఇందులో షుగరూ సగమే." మీసం తుడుచుకుని, "ఇంకో చెంబు చెప్పండి. అమ్మాయితో మాత్రం అనకండి" అన్నారు.

"మా ఊరు గొప్పదని ఇంట్లో అందరి ముందూ ఒప్పుకోండి, అనను."

"బ్లాక్‌మెయిలండీ ఇది!" అంటూనే రెండో చెంబూ ఖాళీ చేశారు.

సాయంత్రం కోడలు అడగనే అడిగింది. "ఎలా ఉంది నాన్నా?"

ఆయన నా వంక చూసి గొంతు సవరించుకున్నారు. "అద్భుతమమ్మా! గుంటూరు జిల్లాకి సాటి లేదు."

బ్యారేజీ దాటితే జిల్లా మారిపోతుందన్న సంగతి, ఇన్ని పుస్తకాలు చదివిన నాకు గుర్తే లేదు! మా ఊరి గొప్ప చూపిస్తానని రోజంతా పక్క జిల్లాలో తిప్పాను.

నేను మాత్రం ఊరుకుంటానా? "అవునమ్మా" అన్నాను, "ఆ జిల్లా పానకం మరీ గొప్పది. ఎన్ని చెంబులో మీ నాన్ననే అడుగు."