తిలకం సీసా

ఆదివారం పొద్దున బొట్టు చెరిపేసుకుని సోమవారం పొద్దున మళ్లీ పెట్టుకునేదాన్ని. అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ నామీద నాకే ఒళ్లు మండేది.

రాయగడలో సర్కారు బడిలో టీచరుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. నాన్న రైల్వేలో గ్యాంగుమేన్, కాలు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు. నా వెనక ఇంకా ముగ్గురు చెల్లెళ్లు. ఆ ఉద్యోగం నాకు కులం సర్టిఫికెట్టు మీద వచ్చింది. అందులో కులం పేరు పక్కన హిందువు అని రాసి ఉంది. మేమేమో తాతల నాటి నుంచీ కిరస్తానీలం. ఆ సంగతి ఆఫీసుకి తెలిస్తే సర్టిఫికెట్టు చెల్లదు, ఉద్యోగం ఉండదు.

తిలకం సీసా నాన్నే కొని తెచ్చాడు. "దేవుడు గుండెల్లో ఉంటే సాలదేటి అమ్మీ? నుదుటి మీద ఏటుంటే ఏటి?" అన్నాడు. అన్నాడే గాని, నేను బొట్టు పెట్టుకుని బయల్దేరిన మొదటి రోజు నా మొహంకేసి చూడలేదు.

ఊళ్లో చర్చి ఉన్నా దాని గుమ్మం తొక్కేవాళ్లం కాదు. ఆదివారం చుట్టాలింటికని చెప్పి, రిక్షా ఎక్కి జేకేపూర్ కాలనీలో ఒక క్వార్టర్లో జరిగే ప్రార్థనకి వెళ్లేవాళ్లం. కిటికీలు మూసి పాటలు పాడుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

మా బడి ఆయా కొండమనిషి, మొహం నిండా పచ్చబొట్లు. టీచరమ్మని ఒడియాలో గురుమా అంటారు, నన్నలాగే పిలిచేది. ఆవిడా కిరస్తానీయే. కొండజాతి వాళ్లకి మతం మారినా సర్టిఫికెట్టుకి ఢోకా లేదు. ఢోకా ఉన్నా ఆవిడ దాచేది కాదు లెండి. మధ్యాహ్నం వరండాలో అన్నం గిన్నె ముందు కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేసేది. పిల్లలు కిసుక్కుమంటే వాళ్లతో పాటు తనూ నవ్వేది. ఒకసారి తన చేతిలో గ్లోబు పగిలితే, ఎవరూ అడక్కముందే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆవిణ్ణి చూస్తే నాకు ముద్దూ వచ్చేది, కుళ్లూ వచ్చేది.

ఒక సోమవారం బొట్టు మరిచిపోయి బడికి వచ్చేశాను. పిల్లలు వరసల్లో నిలబడుతున్నారు. ఆయా పక్కకొచ్చి తన నుదురు వేలితో తట్టింది. "నాది పచ్చబొట్టు గురుమా, మరిసిపోడానికి లేదు," అంది మెల్లిగా. అంటే ఆవిడకి తెలుసన్నమాట. ఎలా తెలిసిందో నేనడగలేదు.

ఆ వానాకాలంలో పై ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఫలానా టీచరమ్మ దొంగ హిందువని. హెడ్మాస్టరు ఒడియా ఆయన, నెమ్మదస్తుడు. "విచారించి రాయమన్నారు. విచారిస్తాను," అన్నాడంతే. నాకు ముద్ద దిగలేదు. ఇంట్లో చెబితే నాన్న కూడా తినడం మానేస్తాడని చెప్పలేదు.

అదే వారంలో ఆయాకి మలేరియా ముదిరి ఆస్పత్రిలో చేర్చారు. హెడ్మాస్టరూ నేనూ చూడ్డానికి వెళ్లాం. కాశీపూర్ వైపు నుంచి రావలసిన వాళ్ల పాస్టరు వానలకి దారిలో చిక్కుబడ్డాడట. ఆవిడ కళ్లు తెరవకుండానే నా గొంతు గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, ఒక్క ప్రార్థన సెయ్యి. బయమేస్తంది," అంది.

హెడ్మాస్టరు నా వెనకే ఉన్నాడు. మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పుకునే మాటలే. మా చెల్లెళ్లు, నాన్న కాలు, పై ఆఫీసుకి వెళ్లిన ఉత్తరం, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. నేను నోరు విప్పలేదు.

"ఈవిడకి మీ ప్రార్థనలు వచ్చా?" అని హెడ్మాస్టరు ఒడియాలో ఆయాని అడిగాడు.

ఆయా కళ్లు తెరిచింది. ఆయన్ని చూసింది. నా బొట్టు చూసింది. "రావు బాబూ," అంది ఒడియాలోనే. "ఈమె హిందువు. జ్వరంలో మా చర్చి పిల్లనుకున్నాను." అని నా చెయ్యి వదిలేసింది.

పాస్టరు వచ్చేలోపే, రెండోనాడు పోయింది.

వారం తర్వాత హెడ్మాస్టరు పిలిచి, పై ఆఫీసుకి రాసిన జవాబు చూపించాడు. విచారించాననీ, ఫిర్యాదులో నిజం లేదనీ రాశాడు.

"ఆయా మాట విన్నాక ఇంక విచారించడానికేముంది? ప్రాణం పోయేముందు చెప్పింది. ఆవిడ ఎప్పుడైనా అబద్ధమాడిందా?" అన్నాడు.

"లేదు సార్," అన్నాను.