పెనం మీద పాట

నాగరత్న ఇచ్చిన రికార్డు బస్సులో పగిలిపోయిందని అందరికీ చెప్పినా. అబద్ధం. అది పగల్లేదు. నేనే దాన్ని పెనం మీద కాల్చినా! ఈ మాట ఇంతవరకు నా నోరు దాటలేదు.

నాగరత్న నా నేస్తురాలు. ఆళ్లగడ్డలో శెనక్కాయల మండీవాళ్ల బిడ్డ. ఆ యేడు ఏ పెండ్లి పందిట్లో విన్నా, ఏ హోటల్లో విన్నా ఒకటే పాట. నంద్యాల అంగళ్లలో ఎంత వెతికినా ఆ రికార్డు దొరకలేదు. నాగరత్న దగ్గర ఉంది. "నా పెండ్లిలో మైకుసెట్టుకు ఇదే ఇయ్యాల. విని బేగా పంపు మే," అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి ఇచ్చింది.

పసిబిడ్డ మాదిరి ఒళ్లో పెట్టుకోని తెచ్చినా. తెచ్చి ఏం చేసినా? కిటికీలో పెట్టి నీళ్లకు పోయినా! మన ఎండలు తెలుసు కదా. వచ్చేసరికి అప్పడం మాదిరి లేచింది. గ్రామఫోను మీద వేస్తే ముల్లు ఎగిరెగిరి పడతాంది. పాడే ఆయన గతుకుల దోవలో జట్కా ఎక్కినట్టుంది.

రికార్డులో ఉండేది లక్క అని యాడనో చదివినా. గాజులామె లక్కగాజును సెగకు చూపి, మెత్తబడినాక వంపు సరిచేసేది చూస్తానే ఉన్నా. గాజు సరవుతుంది, రికార్డు కాదా? సన్నసెగ మీద పెనం పెట్టి పరిచినా. నిజ్జంగా చదునయింది! సంబరం పట్టలేక అట్లకాడతో తిరగేసినా.

వసారాలోంచి మా అవ్వ అరిచింది. "ఏందే ఆ కంపు? ఏం మాడుస్తాండావ్?"

"ఏంలేదవ్వా, పాట."

"పాటను మాడ్చేదాన్ని నిన్నే చూస్తాండా!" వచ్చి తొంగి చూసి, "రెండోపక్క గూడా కాలిందిలే, దించు," అనింది.

దించినా. గీతలు లేవు. నడుమ బొక్క పూడిపోయింది. పెనమేదో రికార్డేదో తెలీదు.

బస్సులో పగిలిందని నాగరత్నకు జాబు రాసేసినా. నమ్మకానికి, కండక్టరు దాని మీద ట్రంకుపెట్టె పడేసినాడని ఒక ముక్క చేర్చినా. ఇప్పుడే జవాబొచ్చింది. "నువ్వు బాధపడొద్దు మే. ఆ కండక్టరు ఖాసీమును నాయన ఆదివారం బస్టాండులో అందరి ముందరా నిలబెట్టి అడుగుతాడంట. పనిలోనుంచి తీయించేదాకా వదలడంట."

ఖాసీమన్న! రికార్డుకు దెబ్బ తగలకూడదని నాకు ముందర సీటు ఖాళీ చేయించిన మనిషి! ఇంట్లో నలుగురు బిడ్డలు.

ఆదివారమంటే రేపే. నేను మళ్లీ జాబు రాస్తే, అది అందేలోపల ఆయన పని పోతాది. మండీలో ఫోనుంది. ఎత్తేది నాగరత్న నాయనే. చుట్టూ హమాలీలు, బేరగాళ్లు. ఈడ నేను ఫోను చేయాల్సిన పోస్టాఫీసులో సగం నంద్యాల ఉంటాది. ట్రంకు కాలంటే గుసగుసలు పనికిరావు, గొంతు చించుకోవాల. "పెద్దాయనా, ఖాసీమన్న తప్పేం లేదు, రికార్డును నేనే రెండు పక్కలా ఎర్రగా కాల్చినా!" అని రెండూళ్లకూ ఒకేసారి వినపడేటట్టు అరవాల.

అరుస్తా. చెప్పులేసుకుంటాండా.