అరచేతిలో కొత్త కండ

జపానుతో యుద్ధమప్పుడు మా పట్టాళం బర్మా సరిహద్దు కొండల్లోని శిబిరానికి చేరేసరికి వాన పడుతోంది. మధ్యాహ్నం మూడు గంటలు. పిక్కల దాకా బురద. మనిషికో దుప్పటి, రబ్బరు షీటు, రైఫిలు, పార ఇచ్చారు. వాగుల మీద వంతెనలు కట్టడం మా పని. నేను మార్కాపురం పలకల గనుల్లో రాయి చీల్చినవాణ్ణి. అన్ని నీళ్లు ఎప్పుడూ చూడలేదు. మబ్బులు గుడారాల్లోకి వచ్చి పోయేవి. ముందు నడిచేవాడు వాటిలో కలిసిపోయి, కాసేపటికి మళ్లీ కనిపించేవాడు.

ఒక ఉదయం వంతెన దగ్గర మోర్టారు గుండు పడింది. చప్పుడు గుర్తులేదు. ఆకులు నెమ్మదిగా రాలడం గుర్తుంది. నా కుడి అరచేయి చీలిపోయి ఉంది. నొప్పి తెలియలేదు. ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ కూచున్నాను. హవల్దారు టెలిఫోనులో అరుస్తున్నాడు.

"ఒకడికి దెబ్బ. నడవగలడు. పంపుతున్నా."

ఆసుపత్రి అంటే వెదురు పాక. జ్వరంలో పగలు ఎక్కడ ముగిసేదో తెలిసేది కాదు. కప్పు మీద వాన మాట్లాడుతున్నట్టుండేది. అది మా అమ్మ గొంతనుకుని జవాబు చెప్పేవాణ్ణట.

జ్వరం దిగాక కట్టు విప్పారు. గాయం అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ. నెల్లూరు వైపు నుంచి వచ్చిన డాక్టర్ కెప్టెన్ వంగి చూశాడు.

"మంచి కండే ఇది. గాయమైన చోటికి చుట్టుపక్కల నుంచి కణాలు పాకి వస్తాయి. మన కంటికి ఆనవు. దారాలు అల్లి గుంట పూడుస్తాయి."

"అయితే నయమైనట్టే గదా సార్?"

"పూడుతుంది. కానీ ఆ అల్లిక ముదిరేకొద్దీ బిగుస్తుంది. గాయం మూయడం ఒక్కటే దానికి తెలుసు. నువ్వు వేళ్లు చాపాలని దానికి తెలియదు. వదిలేస్తే చెయ్యి ముడుచుకుపోతుంది."

ముడుచుకున్న చేత్తో ఉలి పట్టలేను. పలక చీల్చలేను. నాకు వచ్చిన పని అదొక్కటే.

గిద్దలూరు నుంచి వచ్చిన నర్సింగ్ ఆర్డర్లీ రోజూ టీ తర్వాత నా చేతిని చెక్క మీద పెట్టి వేళ్లు లాగేవాడు.

"చంపుతుండావు గదరా తమ్ముడూ!"

"నేనేం జేద్దును అన్నా? లోపల అల్లేటియి ఆగవు. మనం ఆగితే అవే గెలుస్తాయి."

పక్క మంచం పామూరు లారీ డ్రైవర్‌ది. పెట్రోలు అంటుకుని మొహం, మెడ కాలినాయి. ఒకరోజు నేను ఏడుస్తుంటే నా వైపు తిరిగాడు.

"ఏందబ్బాయ్, వేళ్లకే ఇట్ల ఏడిస్తే ఎట్ల? నా మొగం చాపే చెక్క ఉందేమో అడుగు మీ డాక్టర్ని."

నవ్వాడు. సగం మొహమే నవ్వింది. ఆ తర్వాత నేను నోరు మూసుకుని చెయ్యి ఇచ్చేవాణ్ణి.

మధ్యాహ్నాలు చేతిని గుండెల మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. లోపల ఎవరో నెమ్మదిగా, నన్ను అడగకుండా, నా కోసమే పని చేస్తున్నట్టుండేది. వాళ్ల మీద కోపం రాలేదు. ఇక చాలు ఆపండని చెప్పే భాష తెలిస్తే బాగుండుననిపించేది.

వానలు వెలిశాక డాక్టర్ తన పెన్ను నా చేతిలో పెట్టాడు. బొటనవేలు, మొదటి రెండు వేళ్లు చక్కగా పట్టుకున్నాయి. చివరి రెండూ వంగే ఉన్నాయి. "నీ పనికి ఇవి చాలు. ఇంటికి పో," అన్నాడు.

వచ్చాను. స్టేషన్లోనే నా భార్య అరచేయి తిప్పి చూసింది.

"నొప్పుందా?"

"లేదు. చలికి లాగుతాది."

మళ్లీ గనిలోకి దిగాను. పలకలు చీల్చాను. పిల్లల్ని ఎత్తుకున్నాను.

మచ్చ చూసి అందరూ ఆ గుండు సంగతే అడుగుతారు. నాకు కనిపించేది వేరు. మమ్మల్ని మద్రాసు తీసుకొచ్చిన రైలు. మిట్టమధ్యాహ్నం. ఎదుటి బల్ల మీద పామూరు డ్రైవర్ నా వైపే చూస్తున్నాడు.

"మామా, నీళ్లు గావాల్నా?"

పలకలేదు. మాతో వస్తున్న ఆర్డర్లీ తడిగుడ్డతో వచ్చాడు.

"నిద్రపోయినాడు అన్నా. కాలిన మచ్చ బిగిసి రెప్పల్ని లాగేసింది. మూతపడవు."

ఆయన సన్నగా గురక పెడుతున్నాడు. తెరిచి ఉన్న ఆ రెండు కళ్లలో తాటిచెట్లు, పొలాలు, తెల్లటి ఆకాశం వెనక్కి పరుగెత్తుతున్నాయి.