ఇల్లు దాటిన మణెమ్మ, ఎగరని విమానం

గరిడేపల్లిలో మణెమ్మను ఎరగని గొర్రె లేదు. మనుషుల్లో ఎరగనివాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు గానీ, వాళ్లు కూడా ఆమె గొంతు విని ఉంటారు. కాలువ గట్టు ఈ చివర నిలబడి ఆమె మందను పిలిస్తే, ఆ చివర వరి కోస్తున్న ఆడవాళ్లు తమనే పిలిచిందేమోనని కొడవళ్లు ఆపేవారు. నేరేడుచర్ల నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు మనిషి గుప్పెడంత ఉండేదనీ, గొంతు మాత్రం అప్పుడే బండెడనీ భర్త గట్టయ్య చెప్పేవాడు. ఆమె ఇంట్లో లేనప్పుడే చెప్పేవాడు.

అలాంటి మణెమ్మకు విమానంతో పని పడింది కూతురు ఉమారాణి వల్ల.

ఉమారాణి భర్త వీరేశం మిలిటరీలో ఉన్నాడు. కాపురం గౌహతిలో. తొలి కాన్పుకు ఉమారాణి పుట్టింటికే వచ్చింది. అయితే అది గొర్రెలు ఈనే కాలం. మంద మిర్యాలగూడ అవతల సాగర్ కాలువ కింది పొలాల్లో ఉంది. ఒక తల్లిగొర్రెకు పిల్ల అడ్డం తిరిగిందని కబురొస్తే, "పొద్దుగూకే సరికి ఒస్త బిడ్డా" అని మణెమ్మ పరిగెత్తింది. ఆ పొద్దు గూకక ముందే ఉమారాణికి నొప్పులు మొదలయ్యాయి. గట్టయ్య ఆటో మాట్లాడి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయి, వరండాలో నిలబడి అందరు దేవుళ్లకూ మేకపోతులు మొక్కాడు. మణెమ్మ చేరేసరికి పిల్ల పుట్టి, ఏడ్చి, నిద్ర కూడా పోయింది. ఉమారాణి తల్లిని చూసి ఒకే మాట అంది.

"కాన్పు జేసి ఒచ్చినవా అమ్మా? తల్లిగొర్రె మంచిగున్నదా?"

తల్లిగొర్రె బాగానే ఉంది. మణెమ్మకు అదే మరీ బాధ. ఆ మాట ఆమె గుండెలో తుమ్మముల్లులా దిగిపోయింది. కాలిలో ముల్లయితే పిన్నీసుతో తీసుకునేది.

అందుకని రెండో కాన్పు గౌహతిలోనే అని తెలియగానే ఫోన్‌లో మాటిచ్చేసింది. "ఈసారి నీ మంచం కోడు పట్టుకొనే ఉంట. గొర్లు ఈనుతయో సస్తయో మీ నాయిన సూసుకుంటడు."

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచి రెండేళ్లయింది. మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమాస్తాగా ఉన్న కొడుకు శివకుమార్, కోదాడలో ట్రావెల్స్ నడిపే మోతీలాల్ దగ్గర తల్లికి టికెట్ తీయించాడు. బుధవారం హైదరాబాద్‌లో ఎక్కి, కలకత్తాలో మారి, సాయంత్రానికి గౌహతి. ఒక్కతే పోవాలి. మిల్లులో శివకుమార్‌కు సెలవు లేదు.

చిక్కంతా పంచాంగంలో వచ్చింది. బుధవారం ప్రయాణానికి పనికిరాదన్నారు అయ్యగారు. ఆదివారం తెల్లవారుజాము దివ్యంగా ఉందట. పై ఆదివారం దాటితే మూఢం, ఇక నెల దాకా మంచి ఘడియే లేదు. "ప్రస్థానం పెట్టుకో మణెమ్మా" అని ఉపాయం చెప్పారు.

ప్రస్థానం అంటే మంచి ఘడియలో మూట ముందుగా ఇల్లు దాటించి, పోవలసిన దిక్కున ఉన్న ఇంట్లో పెట్టడం. ఇక ప్రయాణం మొదలైనట్టే. అందరూ మూట పెట్టేసి ఇంటికొచ్చి పప్పు వండుకుంటారు. మణెమ్మ అత్త నేర్పిన పద్ధతి అలా కాదు. మూటతో పాటు మనిషీ దాటాలి. దాటాక, పోయిన పని అయ్యేదాకా సొంత గడప తొక్కకూడదు. తొక్కితే ప్రస్థానం ఖతం. తొక్కకపోయినా వారం దాటితే దాని బలం చల్లారిపోతుంది.

"గౌహతి ఏ దిక్కురా?" అని కొడుకును అడిగింది.

శివకుమార్ సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "తూర్పు" అన్నాడు.

కాస్త తల ఎత్తి ఈశాన్యం అని ఉంటే బాగుండేది. ఈశాన్యాన మరిది బీరన్న ఇల్లు, రెండు నులకమంచాలు, మర్యాదలు. నడి తూర్పున రోడ్డుకు అవతల ఉన్నది లీలావతి ఇల్లు. లీలావతి పెద్ద రైతు సత్యనారాయణ భార్య. ఏడాదిగా ఆమెకూ మణెమ్మకూ మాటల్లేవు. కిందటేడు బతుకమ్మ పండుగకు రెండు రోజుల ముందు మణెమ్మ పొట్టేలు లీలావతి పెరట్లో దూరి, విరగబూసిన బంతిచెట్లన్నీ మేసేసింది. పండుగ నాడు ఊళ్లో అందరి బతుకమ్మలూ మోకాలెత్తు ఉంటే లీలావతి బతుకమ్మ అరచేతి ఎత్తు.

దిక్కును మార్చలేం కదా. ఆదివారం తెల్లవారుజామున మణెమ్మ గొంగడి, మూట చంకన పెట్టుకుని రోడ్డు దాటింది. అరుగు మీద సత్యనారాయణ పేపరు చదువుతున్నాడు. ఆయనతో చెబుతున్నట్టుగా లోపలికి వినిపించేలా అంది.

"పటేలా, మీ ఇంటామెకు జెప్పు. నేను ప్రయాణంల ఉన్న. మంగళారం దాక మీ అరుగు మీద పండుకుంట."

లోపలి నుంచి లీలావతి కూడా భర్తకే జవాబు చెప్పింది. "అరుగు మీద పండుకుంటే ఎవరొద్దన్నరు? పొట్టేలును మాత్రం ఎంటబెట్టుకొని రావద్దను."

సత్యనారాయణ పేపరు ఇంకాస్త పైకెత్తుకుని దాని వెనక దాక్కున్నాడు.

ఆ రోజు నుంచి మణెమ్మ సంసారం రోడ్డుకు అడ్డంగా నడిచింది. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా తన ఇల్లే. అందులో గట్టయ్య, పొయ్యి, పొగ.

"ఏమయ్యో! ఏం మాడుతుంది?"

"చారు!"

"చారు మాడుడేందయ్యా? నీళ్లు పొయ్యలేదా?"

"నువ్వొచ్చి సూడరాదు?"

"నేను లేను! ప్రయాణంల ఉన్న!"

దారిన పోయే షేర్ ఆటోల వాళ్లు ఇదంతా వినడానికి అక్కడ వేగం తగ్గించడం మొదలుపెట్టారు.

మంగళవారం మధ్యాహ్నం శివకుమార్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అమ్మా, పరేషాన్ గాకు. ఇమానం శుక్రవారానికి మార్చిన్రు. మెసేజ్ ఒచ్చింది."

"ఎవరు మార్చిన్రు?"

"కంపెనోళ్లు."

"నన్నడగకుంటనే? గొర్రెను పక్క చేన్ల తోలాలన్నా ఆసామినడుగుతం గద! మడిసినెట్ల తోల్తరు?"

"గిట్లనే ఉంటదట. సరే అని నొక్కిన. లే, ఇంటికి పోదాం. శుక్రవారం దాక ఈడేం జేస్తవ్?"

"ఏ ఇంటికిరా? నేను తొవ్వల ఉన్న."

శివకుమార్ ఎదురుగా పది అడుగుల్లో ఉన్న ఇంటిని చూశాడు, తల్లిని చూశాడు. లోపలి నుంచి ఫక్కుమని నవ్వు వినిపించింది. కాసేపటికి లీలావతి రెండు గ్లాసులతో బయటికొచ్చింది. ఏడాది తర్వాత మొదటిసారి నేరుగా మణెమ్మ మొహం చూసి అడిగింది.

"తొవ్వల ఉన్నోళ్లు చాయ తాగుతరా?"

"శక్కర తక్కువుంటే తాగుతరు" అంది మణెమ్మ.

సాయంత్రానికి అరుగు మీదికి నులకమంచం వచ్చింది. మర్నాటికి ఇద్దరూ ఒకే చేటలో చిక్కుడుకాయలు వలుస్తూ, అక్కడ లేని ఆడవాళ్లందరి గురించీ మాట్లాడుకున్నారు. ఏడాది బాకీ కదా, మధ్యాహ్నం భోజనం కూడా ఆలస్యమైంది.

గురువారం పొద్దున రెండో మెసేజ్ వచ్చింది. హైదరాబాద్ నుంచి పొద్దున పోవలసిన విమానం మధ్యాహ్నానికి జరిగింది. అది కలకత్తా చేరేసరికి గౌహతి విమానం వెళ్లిపోయి ఉంటుంది. మోతీలాల్‌కు ఫోన్ చేస్తే, దీన్ని రద్దు చేసుకుని పై బుధవారం పొమ్మన్నాడు. ఆ సంగతి మిర్యాలగూడ నుంచి ఫోన్‌లో చెప్పి, "నేనేం జెయ్యాల్నే అమ్మా?" అని నసిగాడు శివకుమార్.

పై బుధవారం అంటే ప్రస్థానం చల్లారిపోతుంది, మూఢం పడుతుంది. అంతకన్నా ముందు ఉమారాణి నొప్పులు పడుతుంది. ఆలోచన తెగకముందే ఉమారాణి ఫోన్ రానే వచ్చింది.

"అమ్మా, నడుము నొస్తుంది. డాక్టరమ్మ ఈ నాలుగు రోజులల్లనే అంటుంది. ఒస్తున్నవా, మళ్ల ఏదన్న గొర్రె అడ్డం తిరిగిందా?"

"ఒస్తున్న బిడ్డా. బయల్దేరిన."

"ఏడి దాక ఒచ్చినవ్?"

మణెమ్మ ఎదురుగా చూసింది. గట్టయ్య గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"ఇల్లు దాటిన" అంది.

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం లీలావతి అంతకుముందు చూడలేదు. కారణం అడగలేదు. తొలి కాన్పు కథ ఊరందరికీ తెలిసిందే. లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది.

"లే మణెమ్మా. కోదాడ పోదాం. ఆ టికెట్ల పిలగాని సంగతేందో సూద్దాం."

మణెమ్మ మూట నెత్తికెత్తుకుంది. అవతలి గుమ్మం నుంచి గట్టయ్య నోట్లో వేపపుల్లతోనే "యాడికి?" అని అరిచాడు. "ముందుకే!" అని అరిచింది మణెమ్మ.

మోతీలాల్ ఆఫీసు కోదాడ బస్టాండు ఎదురుగా, ఏసీ గది. గోడ మీద విమానం బొమ్మ, బల్ల మీద విమానం బొమ్మ, మోతీలాల్ చొక్కా జేబు మీద కూడా చిన్న విమానం. మర్యాదగానే మాట్లాడాడు.

"కంపెనీ మార్చిందమ్మా, మన చేతుల్లో ఏముంటుందండీ? డబ్బులు వాపసొస్తయ్. మీరు ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి."

"ఇంటికి పోరాదు" అంది మణెమ్మ.

"అంటే?"

లీలావతి ప్రస్థానం సంగతంతా వివరించింది. మోతీలాల్ తల గోక్కుని, "పోనీ, మీ ఇంటికే తీసుకెళ్లండి ఆంటీ" అన్నాడు.

"మా ఇల్లు గూడ పొద్దుగాల్నే దాటింది. ఒక్కసారి దాటిన ఇల్లు మళ్ల దాటొద్దు" అంది లీలావతి కళ్లు ఆర్పకుండా.

మణెమ్మ చటుక్కున ఆమె వైపు చూసింది. ఇలాంటి నియమం ఒకటుందని అత్త కూడా చెప్పలేదు. కానీ బాగుంది. వెంటనే గొంగడి దులిపి, ఏసీ చల్లగా తగిలే చోట నేల మీద పరిచింది. మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తీసింది.

"నువ్వేం పరేషాన్ గాకు బిడ్డా. ఇమానం దొరికిందాక ఈడనే ఉంట. నీ పని నువ్వు జేస్కో."

ఇంతలో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఉల్లిగడ్డ వాసన, గొంగడి, దాని మీద మణెమ్మ. "ఏమైందమ్మా?" అని పెళ్లికూతురు అడిగింది.

"ఈడ టికెట్ కొన్ననమ్మా. ఆదివారం సంది ఇంటికి పోతలేను."

జంట మొహాలు చూసుకుని, "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయింది. మోతీలాల్ గబగబా ఫోన్ అందుకున్నాడు.

కంపెనీ ఫోన్ ఎత్తకుండా చాలాసేపు సంగీతం వినిపించింది. చివరికి ఒకమ్మాయి పలికింది. రద్దు చేసుకోండి, లేదా పై వారం ఖాళీ ఉంది అంది. మోతీలాల్ ఒకసారి గొంగడి వైపు చూసి గొంతులో దుఃఖం నింపుకున్నాడు.

"మేడం, పెద్దావిడ. కూతురు కాన్పుకు పోతుంది. ఇల్లు వదిలి ఇయ్యాలకు ఐదో రోజు. మీరు డేట్ మార్చారు, పరాయివాళ్ల అరుగు మీద పడుకుంది. మళ్లీ మార్చారు, ఇప్పుడు మా ఆఫీసులో నేల మీద కూచుని రొట్టె తింటుంది. వెనక్కి పోవడానికి దారి లేదు మేడం."

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. అవతల "అయ్యో" అని వినిపించింది. తర్వాత టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. మార్చింది కంపెనీయే కాబట్టి వేరే విమానంలోకి ఊరికే మార్చుకోవచ్చట, ఆ సంగతి అడిగినవాళ్లకే చెబుతారట. రేపు తెల్లవారుజామున ఒకటుంది. కలకత్తాలో ఆగి, తీరిగ్గా రెండోది ఎక్కొచ్చు.

"రేపేనమ్మా! ఇప్పుడే హైదరాబాద్ బస్సెక్కాలి!" అని మోతీలాల్ ఎగిరాడు. "భాష రాదు కాబట్టి చక్రాల కుర్చీ కూడా రాయించాను. వాళ్లే తోసుకుంటూ రెండో విమానం దాకా తీసుకెళ్తారు."

"నాకు కాళ్లు లెవ్వని జెప్పినవా?"

"కూర్చోమ్మా, దండం పెడతా. నడిస్తే తప్పిపోతావు."

మణెమ్మ సగం రొట్టె అతని బల్ల మీద పెట్టి, "తిను, పొద్దటి సంది తిన్నట్టు లేవు" అని లేచింది. బస్సు ఎక్కించేటప్పుడు లీలావతి కిటికీ దగ్గర నిలబడి, "మీ ఆయనకు కూర నేను పంపుతలే. మాడిన చారు తాగి సచ్చేటట్టున్నడు" అంది. మణెమ్మ కిటికీలోంచి ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

సూర్యాపేటలో శివకుమార్ అదే బస్సెక్కి విమానాశ్రయం దాకా తోడు వెళ్లాడు. మందను తోలే మణెమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఒక బక్క కుర్రాడు తోస్తుంటే, ఆమె వెనక్కి తిరిగి "జర ఉరుకు బిడ్డా, ఇమానం మళ్ల మారుస్తరు" అని అతణ్ని తోలింది. కలకత్తాలో ఇంకో కుర్రాడికి తెలుగు రాదు. అయినా అతనూ ఉరికాడు.

శుక్రవారం సాయంత్రం గౌహతి క్వార్టర్స్ గుమ్మంలో నిలబడ్డ ఉమారాణి, పెద్ద పొట్ట మీద చేతులు పెట్టుకుని తల్లిని చూసి నమ్మలేనట్టు గొంగడి ముట్టుకుంది. నొప్పులు ఆదివారం వచ్చాయి. మిలిటరీ దవాఖాన నర్సు బయటికి పొమ్మంటే, మణెమ్మ అర్థం కానట్టు మొహం పెట్టి మంచం కోడు వదల్లేదు. మగపిల్లాడు. వాడి ఏడుపు విని, "నీ గొంతే" అంది ఉమారాణి నీరసంగా నవ్వుతూ.

ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున మణెమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లాణ్ని వాటి మీద పడుకోబెట్టి స్నానం చేయిస్తోంది. శివకుమార్ ఫోన్ చేశాడు. ఉమారాణి ఫోన్ తెచ్చి తల్లి చెవి దగ్గర పట్టుకుంది.

"అమ్మా, కోపం జెయ్యకు. నీ వాపసు ఇమానం గూడ మార్చిన్రు."

"ముందుకా, ఎనకకా?"

"ఎనకకే. ఇంకో పది రోజులు ఆడనే ఆగాలె."

మణెమ్మ పిల్లాడి నెత్తి మీద చెంబెడు గోరువెచ్చని నీళ్లు పోసింది. వాడు కెవ్వుమన్నాడు.

"మార్చనియ్యిరా" అంది. "మోతీలాల్‌కు గిట్ల ఫోన్ జేసి ముందుకు జరిపించేవు, జాగ్రత్త."