తెగిపోయిన ఫోనులో తర్వాతి మాట

ఈమధ్య ఆత్మకూరులో మా ఇంటికి కొందరు చనిపోయినవాళ్ళ ఫోటోలు పట్టుకొని వస్తున్నారు. "మా అవ్వ చివర్లో ఏందో చెప్పబోయి ఆగిపోయిందప్పా, నువ్వు చెప్తావంట గదా" అంటున్నారు. నాకు అలాంటి విద్యలేవీ రావు. జరిగింది ఒక్కసారే, అదీ పట్టపగలు, పాఠం మధ్యలో. నోరు మారేకొద్దీ కథ పెరుగుతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను.

నాకు డిగ్రీ లేదు. ఎరువుల అంగట్లో కూర్చుని, శాఖా గ్రంథాలయం తెప్పించి ఇచ్చిన పుస్తకాలతోనే సమాచార సిద్ధాంతం దాకా వచ్చాను. అది చెప్పుకోవడం నాకు గర్వమే. కర్నూలు బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆ శాస్త్రం మీద పీజీ విద్యార్థులకు వేసవి పాఠశాల పెడుతున్నారని తెలిసి, వెళ్ళి ప్రొఫెసరును అడిగాను. "వెనక బెంచీలో కూర్చోండి" అన్నాడాయన. నా వెనక ఇక గోడే.

ముందే ఊహించగలిగిన మాటలో కబురు తక్కువ, ఊహకు అందని మాటలో ఎక్కువ. ఆ శాస్త్రానికి ఇది మొదటి మెట్టు. ఇది మాకు అనుభవంలోకి రావాలని ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు ఆట పెట్టాడు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు ఒక వాక్యం మనసులో పెట్టుకొని మొదటి మాట మాత్రం చెప్పాలి. రెండోవారు తర్వాతి మాట ఊహించాలి. సరైతే 'ఊఁ', తప్పైతే 'కాదు'. వాక్యం ముగియగానే 'అయిపోయింది' అనాలి.

నాకు జతగా వచ్చింది మంగంపేట అమ్మాయి. వాళ్ళ నాయన ముగ్గురాళ్ళ (బెరైటీస్) గని దగ్గర టిప్పరు నడిపేవాడని, ఇప్పుడు లేడని అంతకుముందు టీ తాగేటప్పుడు చెప్పింది.

"బువ్వ" అంది.

"తిన్యావా?"

"కాదు."

"తినుమ్మా."

"ఊఁ."

ఆ తర్వాత నేను తప్పలేదు. 'ఎండలో' అన్నాను, 'తిరగాకు' అన్నాను, 'నేను' అన్నాను. ప్రతిదానికీ 'ఊఁ' అంది కానీ గొంతు తగ్గుతూ వచ్చింది. పక్క బెంచీ అతను వింటున్నట్టున్నాడు, "ఏమప్పా, చిలక జోస్యం గూడా చెప్తావా?" అని నవ్వాడు.

ఆమె 'అయిపోయింది' అనలేదు. అందుకే నేను ఆగలేదు.

"ఈడనే" అన్నాను. 'ఊఁ' రాలేదు. 'కాదు' కూడా రాలేదు. "ఉండా" అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది. వేసవిలో అది రోజూ పోయేదే. కానీ ఫ్యాన్లు ఆగిన ఆ నిశ్శబ్దంలో ఆమె నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా, వెనక గోడను చూస్తోంది.

"అన్నా, 'నేను' కాడికే నా వాక్యం. మా నాయన ఫోన్లో ఆ మాట అంటాండగానే తెగిపోయింది. గుండె ఆగి టిప్పరు పక్కనే పడిపోయినాడంట. ఇంగేం చెప్పబోయినాడో తెలీక శానా ఏండ్ల నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టల్యా."

ఊహించేటప్పుడు ఎవరికైనా నాలుగు మాటలు తోస్తాయి, అందులోంచి ఒకటి ఎంచుకుంటాం. నాకు అప్పుడు తోచింది ఒక్కటే మాట. నేను వెతకకుండానే నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

ఆమె కళ్ళు తుడుచుకొని తనకు తానే సర్దిచెప్పుకుంది. "నువ్వు ఊరికే అన్నావులే అన్నా. అందరూ అనే మాటే గదా. మా నాయనైతే ఆడ ఆపడు. ఎంటనే ఇంగో మాట అడుగుతాడు."

"'నువ్వు యాడుండావు?' అని గదమ్మా" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. ఎట్లా తెలుసని నన్ను అడగలేదు. గోడ వైపే చూస్తూ, ఇంట్లో పిలిస్తే పలికినంత మామూలుగా జవాబు చెప్పింది.

"కర్నూల్లో ఉండా నాయనా. సదువుకుంటాండా."

తర్వాత నా వైపు తిరిగి, ఆట నియమం ప్రకారం, "అయిపోయిందన్నా" అంది.

గడువు దాటినా పుస్తకం అడగని మా గ్రంథపాలకురాలికి, ఇదంతా విని "తండ్రులందరూ అనే మాటలే కదయ్యా" అని నాకు ధైర్యం చెప్పిన ప్రొఫెసరుకు, రాయడానికి ఒప్పుకున్న ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను. పేర్లు వద్దన్నారు, రాయలేదు. ఆమెకిప్పుడు నిద్ర పడుతోందట. నేను మాత్రం ఎక్కడికి వెళ్ళినా గోడకు వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. ఆ టిప్పరు డ్రైవరును నేనెన్నడూ చూడలేదు. ఆ మాటలు నావైతే ఆయన నన్ను మన్నించాలి. ఆయనవే అయితే, నా నోట పలికించినందుకు ఆయనకూ దణ్ణం.