నలభై రెండు గొర్రెల దారి

వానకు తడిసిన ఈ పాత గొంగడి వాసన తగిలితే చాలు, నాకు 1958 జూన్ 14, శనివారం, పొద్దున ఆరు గంటలు మళ్లీ మొదలవుతాయి. ఆరని ఎలా తెలుసంటే, యాదగిరిగుట్ట నుంచి ఆలేరు పోయే తొలి బస్సు అప్పుడే దుమ్ము లేపుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

ఎండాకాలమంతా గుట్టల కింద మేసిన మందను మృగశిర కార్తెకు ఇంటికి మళ్లించేవాళ్లం. ఆ ఏడు బాపు కాలిలో తుమ్మముల్లు విరిగి, పాదం ఉబ్బి, ఆయనను ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు. ఊళ్లో అవ్వ ఒక్కతే. పదకొండు మైళ్లు మందను తోలే పని పదకొండేళ్ల నా మీద పడింది.

బండెక్కుతూ బాపు, "లెక్కవెట్టకు బిడ్డా, లెక్కవెడ్తే మంద పలచబడ్తది. మొకాలు సూస్కో. సుక్కది సూడిది, ఎనకవడ్తది, జర పయిలం. దాని పిల్ల నీదే" అన్నాడు.

నుదుట తెల్లచుక్క ఉన్న నల్లగొర్రె అది, కడుపుతో ఉంది. నాదంటూ ఇంట్లో ఒకటి ఉండబోవడం అదే మొదలు. కానీ నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. గుట్ట మలుపులోనే లెక్కపెట్టాను: నలభై రెండు.

సీతాఫలం పొదల మధ్య రాళ్లబాట దిగి, వాన కోసం దున్ని వదిలిన ఎర్రచెలకల్లో నీడన్నది లేకుండా నడిచి, చుక్కది ఆగినప్పుడల్లా ఆగి, సజ్జరొట్టె ముక్క నములుతూ ఆలేరు రైల్వే గేటు చేరేసరికి నా కాళ్లు నావి కావు. గేటు వేసి ఉంది. వెనక ఇంకో మంద వచ్చి మాలో కలిసింది.

"ఏం పిల్లా, మందను నువ్వు తోల్తున్నవా, మంద నిన్ను తోల్తాందా?" అని గేటాయన నవ్వాడు.

రైలు పోయాక ఆ కాపరి ఈల వేసి తనవాటిని మళ్లించుకుపోయాడు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. నలభై రెండే. అంతలో వాన పట్టుకుంది. గొంగడి కప్పుకొని, తల వంచి, వెనక్కి చూడకుండా మిగిలిన దారంతా నడిచాను.

పొద్దుగూకే వేళ అవ్వ దొడ్డి వాకిట్లో నిలబడి, లోపలికి పోతున్న మందను ఒక్కసారి చూసింది.

"సుక్కదేదే?"

"నలభై రెండున్నయవ్వా."

"నేను లెక్కడిగిన్నా? గా చెవి కోసింది ఎవలదే?"

మా గొర్రెలకు చెవి గాటు పెట్టం. మర్నాడు అవ్వ ఆలేరు దాకా పోయి అడిగింది. ఆ మంద ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. పరాయి గొర్రె మా దొడ్డిలోనే ముసలిదైంది. వారానికి బాపు కుంటుకుంటూ వచ్చి, "మొకం సూడకపోతివా బిడ్డా" అన్నాడు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడా గేటు లేదు, చెలకల్లో ఇళ్లు లేచాయి, మంద ఎన్నడో అమ్ముడుపోయింది. బాపు పోయింది 1967 నవంబర్ 3, శుక్రవారం, దవాఖాన గోడ గడియారంలో సాయంత్రం నాలుగూ ఇరవై. ఫొటో లేదు. కళ్లు మూసుకుంటే తేదీ వస్తుంది, వారం వస్తుంది, ఆయన మాత్రం రాడు.

పోయినవి: గొర్రె ఒకటి. దాని కడుపులో పిల్ల ఒకటి. బాపు ముఖం ఒకటి. మొత్తం మూడు.